అమ్మ ముగ్గు కాగితం మీదికి రావడానికి ఐదున్నర నెలలు

మే ఆఖరి వారంలో డాక్టరు గారు అమ్మ మోకాళ్ల ఎక్స్‌రే వెలుతురుకి ఎత్తి చూసి, "ఇంక నేల మీద కూర్చోకూడదమ్మా, వంగి పనులు చెయ్యడం అసలు వద్దు" అన్నారు. అమ్మ ఒక్కటే అడిగింది. "మరి ముగ్గెలా ఎయ్యాలి బాబూ?" ఆయన ఏమీ చెప్పలేకపోయారు.

ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా ఊరు మా పర్లాకిమిడి. మా వీధి తెలుగిళ్లూ ఒడియా ఇళ్లూ కలిసిన వీధి. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ మా గుమ్మం ముందు ముగ్గు అమ్మదే. మర్నాటి నుంచి నేను వేయడం మొదలుపెట్టాను. నాది టైలరింగ్ పని, చేతికి కత్తెర అలవాటే గాని ముగ్గు అలవాటు లేదు. చుక్కల వరకూ పెట్టగలను, మెలిక తిప్పే చోట చెయ్యి ఆగిపోతుంది. అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి చూసేది, ఏమీ అనేది కాదు. తిట్టినా బాగుండేది.

జూన్ మొదటి వారంలో మా మేనకోడలు వచ్చింది. విశాఖలో ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. సంచీలోంచి నాలుగు కాగితాలు తీసి చూపించింది, మోనోప్రింట్లట. మెత్తటి పలక మీద రోలర్‌తో రంగు రాసి, దాని మీద ఆకో కత్తిరించిన కాగితమో (దాన్నే స్టెన్సిల్ అంటారు) పరిచి, పైన తెల్ల కాగితం వేసి అరచేత్తో రుద్ది తీయడమే. ఏ ప్రింటూ రెండోసారి అచ్చంగా అలాగే రాదు. "అత్తా, మామ్మ ముగ్గులు దీని మీద వెయ్యొచ్చు కదా. స్టెన్సిల్ కొయ్యడం నీకు ఎంతసేపు?" అంది. ఎంతసేపో నాకు నవంబరులో తెలిసింది. ఎవరైనా మొదలుపెడదామనుకుంటే పనికొస్తుందని, ఏ రోజు ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు జెల్ ప్లేట్, అంటే ఆ మెత్తటి పలక, కావాలి. తయారుగా దొరికేది ఆన్‌లైన్‌లో రెండు వేల పైమాట. ఇంట్లోనే చేసుకోవచ్చని మేనకోడలు లెక్క రాసిచ్చింది: జెలటిన్ పొడి 85 గ్రాములు, గ్లిజరిన్ ఒకటిన్నర కప్పు, నీళ్లు ఒకటిన్నర కప్పు. అప్పుడే మొదటి చిక్కు వచ్చింది. జెలటిన్ అంటే పశువుల ఎముకల నుంచీ చర్మం నుంచీ తీసేది. అమ్మ మాంసం ముట్టదు, ఆ మాట వినగానే "నా వంటింట్లో కాదు" అంది. అందుకని ముందు చైనా గ్రాస్‌తో ప్రయత్నించాను, అది సముద్రపు నాచు కాబట్టి. జూన్ 15 రాత్రి పోశాను, తెల్లారేసరికి గట్టిగానే పేరుకుంది. రోలర్ ఒక్కసారి ఆనించగానే అంచు పెళుసుగా విరిగింది, లోపలి నుంచి నీళ్లు ఊరాయి. దాని మీద పెట్టిన 120 రూపాయలూ దండగ.

జెలటిన్‌కి ఆర్డరు పెడితే తొమ్మిది రోజులకు వచ్చింది. మా పిన్‌కోడ్ ఒడిశాది. పార్సెలేమో సరిహద్దుకి అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నం వైపు వెళ్లి, రెండు రోజులు అక్కడే ఉండిపోయింది. సరిహద్దు ఊళ్లలో ఉండేవాళ్లకు ఇది కొత్త కాదు, ఫోన్ నంబరు కింద "పర్లాకిమిడి, ఒడిశా" అని మరోసారి రాయడం మంచిది. గ్లిజరిన్ మాత్రం మందుల షాపులోనే దొరికింది, వంద మిల్లీలీటర్ల సీసాలు నాలుగు. "ఇంత గ్లిజరిన్ ఎందుకండీ?" అని షాపతను రెండుసార్లు అడిగాడు.

జూన్ 25 సాయంత్రం పెరట్లో కిరసనాయిలు పొయ్యి పెట్టి, పాత అల్యూమినియం గిన్నెలో చేశాను. ఆ గిన్నె మళ్లీ వంటకు వాడలేదు. గ్లిజరిన్‌లో సగం పోసి జెలటిన్ ఉండలు కట్టకుండా కలిపి, మిగిలిన సగమూ నీళ్లూ పోసి సన్నటి మంట మీద కరిగించాలి. మరగకూడదు. పళ్లెంలో పోశాక పైన తేలిన బుడగలను కాగితం ముక్కతో ఒక చివర నుంచి మరో చివరకు తోయాలి. నేను నాలుగుసార్లు తోశాను. అయినా మూల మీద ఒక బుడగ ఉండిపోయింది, ఇప్పటికీ ప్రతి ప్రింటులోనూ ఆ మూల చిన్న చుక్క పడుతుంది. పొద్దున్న పళ్లెం బోర్లించి ఆ పలకను అరచేతిలోకి తీసుకున్నప్పుడు, చల్లగా, మెత్తగా, చిన్నపిల్లల బుగ్గలా ఉంది. ఆ సంతోషంలో ఆ రోజు మిషను ముందు కూర్చోలేదు.

జూలై అంతా బురదే. బయట వానలు, లోపల రంగులు. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, నలుపు, ఐదు ట్యూబులు గుణుపురం రైల్లో వచ్చే చుట్టాలమ్మాయి చేత విశాఖ నుంచి తెప్పించుకున్నాను. స్టెన్సిళ్లు న్యూస్‌పేపర్‌తో కోశాను, రెండో ప్రింటుకే తడిసి పలకకు అతుక్కుపోయాయి. మామూలు ఏ4 కాగితం మూడు ప్రింట్లదాకా ఆగి అంచులు ముడుచుకుంది. రంగుల సంగతైతే మరీ కష్టం. నీలం మీద పసుపు వేస్తే పసుపు కనబడలేదు. ఆకుపచ్చ మీద ఎరుపు వేస్తే చిత్తడి నేల రంగు వచ్చింది. అన్ని రంగులూ ఉంటేనే ముగ్గు కళకళలాడుతుందనుకుని నాలుగు పొరలు వేస్తే, నాలుగోది వేసేసరికి ప్రతిసారీ ఒకే గోధుమరంగు. అమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని, "ఇదేటే, వానలో తొక్కేసిన ముగ్గులాగున్నాది" అంది. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ట్యూబు వెనకాల చిన్న చదరం గుర్తు ఉంటుంది, అది చూడమని మేనకోడలు ఫోనులో చెప్పింది. చదరం ఖాళీగా ఉంటే ఆ రంగులోంచి కింది పొర కనిపిస్తుంది. నిండుగా ఉంటే కింది పొరను కప్పేస్తుంది. సగం నిండితే రెంటికీ మధ్య. నా పసుపుది ఖాళీ చదరం, అందుకే నీలం మీద అది కనబడకుండా పోతోంది. వరస మార్చాను. ముందు పసుపు, అది ఆరాక స్టెన్సిల్ పరిచి పైన నీలం. స్టెన్సిల్ కప్పిన చోట పసుపు అలాగే మిగిలింది, మిగతా అంతా ఆకుపచ్చ అయింది. అప్పుడు బుర్రకెక్కింది: స్టెన్సిల్ కప్పిన చోట ఇంతకు ముందరి పొర బతుకుతుంది. కాబట్టి చివరికి ఏం కనబడాలో దాన్ని మొదట వేయాలి. బ్లౌజుకి లైనింగ్ ముందు కత్తిరించినట్టు వెనక నుంచి ముందుకు ఆలోచించాలన్నమాట. ఆ తర్వాత రెండు రంగులకు మించి వేయలేదు.

ఆరడానికి పట్టే టైము ఎవరూ చెప్పరు, చెప్పినా మన ఊరి గాలికి సరిపోదు. యాక్రిలిక్ రంగు నిమిషాల్లో ఆరుతుందంటారు. జూలై ముసుర్లో నా కాగితాలు ముప్పావు గంటకు గాని రెండో పొరకు సిద్ధం కాలేదు. కాగితమే తేమ పీల్చుకుని వడిలిపోయి ఉండేది. అదే అక్టోబరు ఎండలో స్టెన్సిల్ పరిచేలోపే పలక మీద రంగు ఆరిపోయేది.

స్టెన్సిల్‌కి మంచి వస్తువు జూలై 12న బీరువాలో దొరికింది. అమ్మ మోకాలి ఎక్స్‌రే. తడవదు, చిరగదు, కడిగి మళ్లీ వాడుకోవచ్చు. "ఇంకెందుకది, కోసుకో" అంది అమ్మ. ఆ ఫిల్ము గాజుపలక మీద పెట్టి తామరపువ్వు కోస్తుంటే, బ్లేడు కింద ఆ రెండు ఎముకల మధ్య సందు కనబడుతూనే ఉంది. కొంచెంసేపు చెయ్యి ఆడలేదు.

మా వీధి చివర కొమ్ము పని చేసే మామయ్య ఒకాయన ఉన్నారు. మా ఊరి కొమ్ము బొమ్మలు పేరున్నవే, కొంగలూ రొయ్యలూ దువ్వెనలూ చేస్తారు. నా కోత చూసి, "లోపలి చిన్న చిన్న ముక్కలు ముందు కొయ్యమ్మా, బయటి గీత ఆఖరున. బయట ముందు కోసేస్తే లోపల పట్టు ఉండదు" అన్నారు. ఆయన చెప్పినట్టు చేశాక పువ్వు రేకు ఒక్కటి కూడా చిరగలేదు. ఎక్స్‌రే ఫిల్ముకి ఉన్న ఒకే లోపం మందం. కాగితం దాని అంచు దిగి పలకను తాకలేదు, అందుకని బొమ్మ చుట్టూ సన్నటి తెల్లగీత మిగిలిపోతుంది. వేలి కొసతో అంచు వెంబడి నొక్కితే చాలావరకు తగ్గింది. ఓహెచ్‌పీ షీటు (ప్రొజెక్టరు మీద పెట్టే పారదర్శక ప్లాస్టిక్ షీటు) ఇంకా పల్చన, దానితో ఈ బాధ తక్కువ.

ఒకసారి "శ్రీ" కూడా కోశాను. సరిగ్గా కోసి సరిగ్గానే పరిచాను, ప్రింటులో అద్దంలో చూసినట్టు తిరగబడి వచ్చింది. అక్షరాలు వేసేవాళ్లు స్టెన్సిల్‌ని తిరగేసి పరచాలి.

ఆగస్టు 3న జరిగింది ఇప్పటికీ తలుచుకుంటాను. పలక మీద నలుపు రాసి, తామరపువ్వు పరిచి, ఒక ప్రింటు తీశాను. ఇంతలో పెళ్లివాళ్లు బ్లౌజుల కోసం వచ్చి గంటన్నర కూర్చున్నారు. తిరిగొచ్చేసరికి మిగిలిన రంగు పలక మీద ఎండిపోయింది. పాడైపోయిందనుకున్నాను. కడగబోతూ, పోయేదేముందని దాని మీద పల్చగా తెలుపులో పసుపు కలిపి రాసి, కాగితం వేసి పది నిమిషాలు వదిలేసి లాగాను. ఎండిన పాత పొర మొత్తం కొత్త రంగుతో కలిసి కాగితం మీదికి వచ్చేసింది. పువ్వు కింద దాగిన రంగు, రేకుల అంచు, రోలర్ గీతలు, అన్నీ. వెన్నెల్లో చెరువు చూసినట్టుంది. అది ఇప్పుడు మా ముందుగదిలో ఫ్రేములో ఉంది.

అప్పటిదాకా స్టెన్సిల్ తీసేశాక పలక మీద మిగిలిన రంగును తడిగుడ్డతో తుడిచేసేదాన్ని. ఆ రోజు నుంచి మానేశాను. స్టెన్సిల్ తీసి రెండో కాగితం వేస్తే మసక ప్రింటు ఒకటి వస్తుంది, చాలాసార్లు మొదటిదానికంటే అదే బాగుంటుంది. ఫ్రాన్సు చిత్రకారుడు ఎడ్గార్ డెగా ఇలాంటి మసక ప్రింట్ల మీదే పేస్టల్ రంగులు దిద్ది బొమ్మలు పూర్తి చేసేవాడని తర్వాత చదివాను. ఎన్ని తుడిచి పారేశానో అనిపించింది.

కానీ ఇవన్నీ పువ్వులూ ఆకులూ. అమ్మ ముగ్గు కాదు.

సెప్టెంబరు మొదటి వారంలో అమ్మ చేత నోటుబుక్కులో ఏడు చుక్కల మెలికల ముగ్గు వేయించుకున్నాను. ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందు చుక్కలు. మొత్తం 37. దాన్ని ఫిల్ము మీద కోస్తే గీత వెంబడి కోయగానే చుక్క చుట్టూ ఉన్న ముక్క రాలిపోయింది. మెలికల ముగ్గులో గీత మూసుకుపోతుంది కదా, లోపలి ముక్కకు పట్టు ఉండదు. రాలకుండా ఉండాలంటే సన్నటి వంతెనలు వదలాలి. వదిలాను. ముగ్గు తెగిపోయినట్టు కనిపించింది. "ముగ్గు గీత తెగకూడదే" అంది అమ్మ. మళ్లీ కోశాను. మూడు ఫిల్ములు పాడయ్యాయి. ఈలోగా దసరా బ్లౌజులు మీద పడ్డాయి. ఐదు వారాలు పలక ముఖం చూడలేదు.

అక్టోబరు 9న బయటికి తీసి, ఎండ పడే అరుగు మీద పెట్టి మరిచిపోయాను. గంట తర్వాత చూస్తే ఒక పక్క కరిగి పళ్లెం అంచుకు కారిపోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఫోను చేస్తే మేనకోడలు, "ఏం కాదత్తా, ముక్కలు చేసి వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి మళ్లీ పొయ్యి" అంది. అలాగే చేశాను, కొత్తదానిలాగే పేరుకుంది. గ్లిజరిన్ కలిపిన పలక నెలల తరబడి పాడవదు గాని, ఎండకు మాత్రం తట్టుకోదు.

ఒడియా వాళ్ల మార్గశిరం మనకంటే పదిహేను రోజులు ముందే వస్తుంది. నవంబరు 6, వాళ్ల మొదటి గురువారం. ఎదురింటి మావుసీ తెల్లవారుజామునే బియ్యప్పిండి నీళ్లలో వేళ్లు ముంచి గుమ్మం నిండా ఝోటి, అంటే వాళ్ల ముగ్గు, వేసింది, వరి కంకులు, గుమ్మంలోంచి లోపలికి లక్ష్మీదేవి పాదాలు. అమ్మ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఎనిమిదింటిదాకా చూస్తూనే ఉంది. ఒళ్లో పూలదారం ఉండ. మాల కట్టడం ఆపేసి, దారాన్ని చీర మీద మెలికలు తిప్పుతోంది. చుక్కలు లేవు, చూడను కూడా చూడటం లేదు, వేళ్లే తిప్పుతున్నాయి.

నేను కోస్తున్నది ఫిల్ము. ముగ్గేమో గీత. గీతకు దారం కావాలి గాని ఫిల్ము ఎందుకు?

పలక మీద రంగు రాసి దారం పరచబోయాను. ఇరవై నిమిషాలు పడుతుంది, ఈలోగా రంగు ఆరిపోతుంది. పైగా అది ఎముకల పలక, కార్తీకంలో అమ్మ ముట్టదు. అప్పుడు మిషను పక్కన చీరలకు పెట్టే గంజి గుర్తొచ్చింది. సగ్గుబియ్యం గంజి చిక్కగా కాచి, దారాన్ని ముంచి పిండేసి ఇస్తే, అమ్మ బల్ల దగ్గర కుర్చీలోనే కూర్చుని పాలిథిన్ కవరు మీద ముగ్గు పరుస్తుంది. కవరు కింద చుక్కల కాగితం. రాత్రంతా ఆరితే దారం కర్రలా బిగుసుకుంటుంది, మెలిక మెలికా అతుక్కుంటుంది. కవరు నుంచి ఒలిస్తే మొత్తం ముగ్గు ఒక్క జాలీలా చేతిలోకి వస్తుంది.

మొదటిది నవంబరు 9న. మిషను దారం పనికిరాలేదు, గీత వెంట్రుకలా పడింది. పురికొస నూగు నూగుగా వచ్చింది. పూలదారమే సరైనది. దారం దారాన్ని దాటే చోట ఎత్తుగా ఉండి, కాగితం ఆనక చుట్టూ ఖాళీ పడింది. సగం ఆరినప్పుడు పైన గుడ్డ వేసి అప్పడాల కర్రతో ఒత్తమని అమ్మే చెప్పింది. చుక్కల కోసం మొదట బొట్టుబిళ్లలు అంటించాను, వాటి జిగురు పలక పై పొరను రెండు చోట్ల లాగేసింది. మీరు చేయకండి. పంచింగ్ మెషిన్‌లోంచి రాలే గుండ్రటి కాగితపు ముక్కలు చాలు, చిమటాతో 37 పెట్టడానికి రెండు నిమిషాలు.

రంగు సంగతికొస్తే, అమ్మ అడిగింది కళ్లాపి రంగు. నా దగ్గర ఆకుపచ్చ లేదు. పసుపులో నలుపు బియ్యపుగింజంత కలిపితే ముదురు పచ్చ దిగింది, దానిలో ఎరుపు ఒక చుక్క, తెలుపు కొంచెం. పేడనీళ్లు చల్లిన వాకిలి ఇంకా తడిగా ఉన్నప్పటి రంగు అచ్చంగా అదే. పసుపులో నలుపు కలిపితే పచ్చ వస్తుందని ఇన్ని నెలల్లో నాకు తట్టలేదు.

నవంబరు 27, మన మార్గశిరం మొదటి గురువారం. పూజ అయ్యాక పెరట్లో రంగు రాశాను. జాలీ పరిచి, చుక్కలు పెట్టి, కాగితం వేసి, దాటే చోట్ల వేలితో ఒక్కొక్కటే నొక్కాను. మూల పట్టుకుని మెల్లగా ఎత్తుతుంటే చినుకు పడ్డట్టు చిటచిట శబ్దం వస్తుంది, రంగు పలకను వదిలేటప్పటి శబ్దం. తడి వాకిలి మీద తెల్లటి ముగ్గు. ఎక్కడా తెగలేదు. జాలీ తీసి వెంటనే రెండో కాగితం వేశాను. దాని మీద మసక నేల, దారం దాచిన చోట పచ్చటి గీత.

రెండూ అమ్మ ఒళ్లో పెట్టాను. ముగ్గు మీద వేలు పెట్టి, ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడి నుంచి తిప్పుకుంటూ వచ్చి, మళ్లీ అక్కడికే చేరింది. "ఈ మూల మెలిక బిగుసుకుపోనాది" అంది. తర్వాత రెండోది మావుసీకి ఇమ్మంది.

ఖర్చు అడిగేవాళ్ల కోసం: జెలటిన్ 180, గ్లిజరిన్ 280, చైనా గ్రాస్ 120, రోలర్ 320, రంగులు 780, ఓహెచ్‌పీ షీట్లు 100, కార్ట్రిడ్జ్ కాగితం 540, ఆటోలకు 160. మొత్తం 2,480 రూపాయలు. తీసిన ప్రింట్లు వంద దాటాయి, దాచుకున్నవి పద్నాలుగు.

ఆ సాయంత్రమే అమ్మ పదకొండు చుక్కలది వేస్తానంది. కొలిచి చూశాను, ఈ పలక చాలదు. రెట్టింపు పలక పోయాలి. జెలటిన్ 200 గ్రాములకు ఆర్డరు పెట్టాను, అడ్రసులో ఒడిశా అని రెండుసార్లు రాసి. ఎప్పుడొస్తుందని అమ్మ రోజూ అడుగుతోంది.